జ్వరం తగ్గితే గండం గడిచినట్టేనా?



గత ఆగస్టులో మా క్లాస్ పేరెంట్స్ గ్రూప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "డెంగీలో కొన్ని రోజులు బాగా జ్వరం ఉంటుంది. జ్వరం తగ్గిందంటే గండం గడిచినట్టే, పిల్లల్ని స్కూల్‌కి పంపొచ్చు" అని. కింద "ఒక ప్రముఖ డాక్టర్" అని ఉంది, పేరు లేదు. నేనూ చదివి, "థాంక్యూ" అని రిప్లై పెట్టాను. నర్సుగా పనిచేసే ఒక స్టూడెంట్ వాళ్ల అమ్మగారు సాయంత్రం ఫోన్ చేసి, "మేడమ్, అది తప్పు. దయచేసి గ్రూప్‌లో చెప్పండి" అన్నారు. నిజంగా సిగ్గుగా అనిపించింది.

ఆ మెసేజ్‌లో మొదటి మాట నిజమే. ప్రమాదమంతా రెండో మాటలో ఉంది. డెంగీ వచ్చిన కొందరిలో, సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం తగ్గుముఖం పట్టే సమయంలోనే పరిస్థితి విషమిస్తుంది. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోవచ్చు. అందుకే జ్వరం తగ్గాక 24 నుంచి 48 గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగకుండా వాంతులు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం, మగత, విపరీతమైన నీరసం, చిరాకు - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సగం నిజం ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ. "జ్వరానికి పారాసెటమాల్ సిరప్ 5 ఎం.ఎల్. వేయండి" అని నెట్‌లో కనిపిస్తుంది. కానీ మన మెడికల్ షాపుల్లో 5 ఎం.ఎల్.కి 120 లేదా 125 మి.గ్రా. ఉన్న సిరప్ ఉంది, 250 మి.గ్రా. ఉన్నదీ ఉంది. స్పూన్ ఒకటే అయినా మందు రెట్టింపు! పిల్లలకు డోసు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ అసలు వాడకూడదు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ప్రాజెక్ట్ వర్క్‌లో పిల్లలు సోర్స్ దగ్గర "గూగుల్" అని రాస్తే మేం ఒప్పుకోం. మనం కూడా ఇవే ప్రశ్నలు వేసుకుందాం:

1. ఎవరు చెప్పారు? డాక్టర్ పేరు, సంస్థ పేరు ఉన్నాయా?

2. ఎప్పుడు చెప్పారు? తేదీ ఉందా?

3. ఏమైనా అమ్ముతున్నారా? సెర్చ్‌లో పైన వచ్చే వాటిలో "స్పాన్సర్డ్" అని ఉన్నవి ప్రకటనలు.

4. ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ఆరోగ్య శాఖ వెబ్‌సైట్లలో కూడా అదే ఉందా?

5. డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దనో, మందు ఆపేయమనో చెబుతోందా? అయితే అక్కడితో వదిలేయండి.

ఏఐ చాట్‌లో అడిగినా ఇంతే. జవాబు చక్కగా ఉంటుంది, కానీ అది మీ బిడ్డను చూడలేదు, పొట్ట నొక్కి పరీక్షించలేదు.

నెట్‌లో చదవడం తప్పు కాదు. డాక్టర్‌ని ఏం అడగాలో తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. డాక్టర్ బదులుగా మాత్రం వద్దు. ఈ నెల నుంచి మన క్లాస్ గ్రూప్‌లో ఆరోగ్యం మెసేజ్ ఏదైనా పెట్టే ముందు ఈ ఐదు ప్రశ్నలు గుర్తుచేసుకోండి. నేనూ గుర్తుపెట్టుకుంటాను.

మీ పిల్లల క్లాస్ టీచర్