గడ్డి చేమంతా? వయ్యారిభామా?

గట్టు మీద గడ్డి కోస్తుంటే కొడవలి జారి వేలు తెగింది. మందుల షాపు ఉన్న ఊరు నాలుగు మైళ్ళ దూరం. పక్కనున్న ఆకు నాలుగు దూసి, అరచేతిలో నలిపి, పసరు పిండి గుడ్డ చుట్టేస్తారు. మాచర్లలోనైనా, గురజాలలోనైనా పల్లెటూళ్ళలో పుట్టి పెరిగిన వారికి ఈ వైద్యం తెలియనిది కాదు.

ఆ మొక్క గడ్డి చేమంతి. నల్లారమనీ, పలకాకనీ కూడా అంటారు. ఒకప్పుడు బడిపిల్లలు ఈ పసరుతోనే పలకలు నల్లబరిచేవారు. పొడుగాటి కాడ మీద ఒంటరిగా నిలిచే పువ్వును వేలితో మీటి తల ఎగరగొట్టడం వాళ్ళ ఆట. అందుకే "రావణాసురుడి తలకాయ" అనే పేరు కూడా వచ్చిందంటారు.

ఇంత మనదనిపించే ఈ మొక్క నిజానికి అమెరికా ఖండం నుంచి వచ్చింది! కాబట్టి మన ప్రాచీన వైద్య గ్రంథాలలో దీని కోసం వెతకనవసరం లేదు.

గుర్తించడం ఎలా? మొక్క నేల మీద పాకుతుంది. ఆకులు ఎదురెదురుగా, గరుకుగా, అంచున రంపపు పళ్ళతో ఉంటాయి. పువ్వు నడుమ పసుపు. చుట్టూ ఉండే లేత రంగు రేకుల కొసన మూడేసి నొక్కులు.

ఇక్కడే జాగ్రత్త! అదే గట్టు మీద వయ్యారిభామ కూడా ఉంటుంది. అది నిటారుగా నడుమెత్తు పెరుగుతుంది. ఆకులు సన్నగా చీలికలై ఉంటాయి. చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తాయి. దాన్ని తాకితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీలిస్తే ఆయాసం రావచ్చు. గాయానికి దాన్ని పొరపాటున కూడా రాయకూడదు.

మరి గడ్డి చేమంతి మంచిదేనా? జంతువుల మీద జరిగిన ప్రయోగాలలో గాయం మానడానికి కొంత తోడ్పడిన మాట నిజం. కాని ఆకుతోపాటు మన్నూ, పేడా గాయంలోకి పోతాయి. ధనుర్వాతం క్రిములు ఉండేది వాటిలోనే. ఆ క్రిములను పసరు చంపుతుందని నమ్మి కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

దెబ్బ తగిలితే ముందు సబ్బు, మంచినీళ్ళతో కడగండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి. గాయం లోతుగా ఉన్నా, మన్ను పడినా, టీకా వేయించుకుని అయిదేళ్ళు దాటినా ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. గాయమైన కొద్ది రోజులకు దవడలు బిగుసుకుంటే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి.

పువ్వును పిల్లలకు చూపించండి, పేరు చెప్పండి, ఆట నేర్పండి. గాయానికి మాత్రం సబ్బు నీళ్ళూ, టీకా!