వాషింగ్ మెషిన్ మీద ‘ఐఈ’ వెలిగితే

మొదటి ఉతుకు అయిపోతుంది. సబ్బు నీళ్లు బయటికి పోతాయి. జాడించడానికి మళ్లీ నీళ్లు పట్టుకోవాల్సిన టాప్‌లోడ్ మెషిన్ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి, కాసేపటికి కీచుకీచుమని అరవడం మొదలుపెడుతుంది. ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందో చూపించాల్సిన చోట ‘ఐఈ’ అని రెండు ఇంగ్లిషు అక్షరాలు వెలుగుతుంటాయి. వెంటనే మెకానిక్‌కు ఫోన్ వెళ్తుంది. ఆయన వచ్చేదాకా బట్టలు తొట్టిలోనే ముద్దగా పడి ఉంటాయి.

ఫోన్ చేసే ముందు ఓ పావుగంట ఓపిక పడితే చాలాసార్లు ఆ అవసరమే రాదు. అసలు మెషిన్‌కు ఏం తెలుస్తుందో, ఏం తెలియదో అర్థం చేసుకుంటే చాలు.

దానికి తెలిసేది బహు కొద్ది. తొట్టి అడుగున చిన్న గాలి గది ఉంటుంది. అక్కణ్నుంచి ఒక సన్నటి గొట్టం పైకి వెళ్లి సెన్సర్‌కు కలుస్తుంది. గ్లాసును బోర్లించి బకెట్ నీళ్లలోకి నొక్కితే లోపలి గాలి ఎలా బిగుసుకుంటుందో, తొట్టిలో నీరు పెరిగేకొద్దీ ఆ గొట్టంలోని గాలీ అలాగే నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడిని బట్టే నీళ్లు ఎంతవరకు వచ్చాయో బోర్డు లెక్కగడుతుంది. నీళ్ల వాల్వు తెరిచాక గడువులోగా కావాల్సిన మట్టం రాకపోతే ఎల్‌జీ మెషిన్లు ‘ఐఈ’ చూపిస్తాయి. శాంసంగ్‌లో అదే సంగతి ‘4ఈ’గానో ‘4సీ’గానో కనిపిస్తుంది. కుళాయి కట్టేసి ఉందా, ట్యాంకు ఖాళీ అయిందా, వాల్వు కాలిపోయిందా అన్నది మెషిన్‌కు తెలియదు. నీళ్లు రాలేదని మాత్రమే అది చెప్పగలదు. కోడ్ కనిపించగానే ఫలానా పార్టు పోయిందని తేల్చేయడం తొందరపాటు అనడానికి కారణం ఇదే.

వెతుకులాట కుళాయి దగ్గర మొదలవ్వాలి. మెషిన్ ప్లగ్గు తీసేసి, కుళాయి కట్టి, పైపు విప్పి, కుళాయి కింద బకెట్ పెట్టి తిప్పి చూడాలి. ధార జోరుగా ఉంటే అడ్డు ఎక్కడో మెషిన్ వైపే ఉంది. పైపు తగిలించే మూతి లోపల వేలిగోరంత జాలీ ఒకటి కనిపిస్తుంది. ఇసుక, తుప్పు, పైపుల్లోని నాచు అక్కడే చిక్కుకుంటాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో దానిమీద తెల్లటి సున్నపు పొర కూడా పేరుకుంటుంది. కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా లాగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి. సున్నం వదలకపోతే కాసేపు నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టాలి. జాలీ అడ్డమని తీసి పారేయడం మాత్రం పెద్ద తప్పు. ఆ ఇసుక నేరుగా వాల్వులోకి పోయి, దాన్ని మూసుకోనివ్వదు.

ధార కుళాయి దగ్గరే సన్నగా ఉంటే మెకానిక్ వచ్చినా చేయగలిగింది లేదు. పది మీటర్ల ఎత్తున్న నీటి వల్ల దాదాపు ఒక బార్ పీడనం వస్తుంది. టాప్‌లోడ్ మెషిన్ల మాన్యువల్స్‌లో కనీస పీడనం కింద 0.3, 0.5 బార్ లాంటి అంకెలు కనిపిస్తాయి. మెషిన్ కుళాయికి రెండున్నర మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉన్న ఒంటి అంతస్తు ఇంట్లో అందేది 0.25 బార్ మాత్రమే. అదే మెషిన్ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో కింది ఇంట్లో హాయిగా నడుస్తుంది, పై అంతస్తులో మాటిమాటికీ ‘ఐఈ’ అని మొరాయిస్తుంది. ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమో దీనికి మందు. కొనేటప్పుడే తక్కువ పీడనంతో పనిచేసే మోడల్ అడగడం అన్నిటికన్నా తేలిక. వేడినీళ్లకు, చన్నీళ్లకు వేర్వేరు మూతులున్న మెషిన్‌లో చన్నీళ్ల పైపు ఒక్కటే తగిలించి, వేడినీళ్ల ఉతుకు ఎంచుకున్నా ఇదే కోడ్ వస్తుంది.

విచిత్రమేమిటంటే, నీళ్లు బాగానే వస్తున్నా ‘ఐఈ’ రావచ్చు. నీళ్లు బయటికి వదిలే వాల్వులో ఏ జుట్టుపిన్నో గుండీయో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. పైనుంచి వచ్చిన నీరు వచ్చినట్టే కింద జారిపోతుంటుంది. పంపుతో నీళ్లు తోడే మోడళ్లలో బయటి పైపును మరీ కిందికి వదిలేసినా నీరు దానంతటదే బయటికి పోతుంది. లోపం పోయే దారిలో ఉంటే కోడ్ వచ్చే దారిని చూపిస్తుంది! ‘ఐఈ’ రాగానే నీళ్ల వాల్వు మార్చేసే మెకానిక్ కన్నా, ముందు కాలువలోకి పోయే పైపు కొస చూసే మెకానిక్ నమ్మదగ్గవాడు.

నీళ్లు బయటికి పోకపోతే ఎల్‌జీలో వచ్చేది ‘ఓఈ’. శాంసంగ్‌లో ‘5ఈ’ లేదా ‘5సీ’. ఆ 5 అంకెను ఇంగ్లిషు ‘ఎస్’ అనుకుని ‘ఎస్ఈ’ అంటే ఏమిటని వెతికేవాళ్లూ ఉన్నారు. మన ఇళ్లలోని చాలా టాప్‌లోడ్ మెషిన్లలో నీళ్లు తోడే పంపు ఉండదు. చిన్న మోటారు వాల్వును లాగి తెరుస్తుంది, నీరు తన బరువుతో తానే పోతుంది. అలాంటప్పుడు బయటి పైపు నేలబారుగా ఉండాలి. దాన్ని ఎత్తి సింకులో వేసినా, గడప మీదుగా దాటించినా, మెలిక పడినా నీరు ఆగిపోతుంది.

ఇక ‘యూఈ’ విషయం. కొన్ని శాంసంగ్ మోడళ్లలో ఇది ‘యూబీ’. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి 700 చుట్ల దాకా తిరుగుతుంది. బట్టలన్నీ ఒక పక్కకు చేరితే ఆ వేగంలో తొట్టి మెషిన్ గోడలకు కొట్టుకుంటుంది. మెషిన్ ముందు తనంతట తానే మళ్లీ నీళ్లు పట్టి, బట్టలు కదిపి చూస్తుంది. అప్పటికీ సర్దుకోకపోతే ఆగి కోడ్ చూపిస్తుంది. ఒంటరిగా వేసిన దుప్పటి, నీళ్లు పీల్చిన టవలు దీనికి ముఖ్య కారణాలు. మరో కారణం నేల. బాత్రూముల్లో, బాల్కనీల్లో నీళ్లు పోవడానికి నేలను వాటంగా కడతారు. అక్కడ పెట్టిన మెషిన్ కాళ్లను మర తిప్పి సమం చేయాలి. చక్రాల స్టాండు ఎంత సౌకర్యంగా కనిపించినా కుదుపును పెంచుతుంది.

ఈ కోడ్‌ను ఎవరూ చిన్నచూపు చూడకూడదు. 2016 నవంబరులో అమెరికాలో శాంసంగ్ సుమారు 28 లక్షల టాప్‌లోడ్ మెషిన్లను రీకాల్ చేసింది. స్పిన్‌లో కుదుపు మితిమీరి మెషిన్ పైభాగం ఊడిపోయే ప్రమాదం ఉండటమే కారణం. అప్పటికి 733 ఫిర్యాదులు అందాయి, తొమ్మిది ఘటనల్లో మనుషులు గాయపడ్డారు, ఒకరికి దవడ విరిగింది. పరుపు బట్టలు, నీరు ఇంకని బట్టలు, భారీ బట్టలను తక్కువ వేగం సైకిల్‌లోనే ఉతకాలని వినియోగదారులకు సూచించారు. రెయిన్‌కోటులాంటి వాటి మడతల్లో నీరు సంచిలా నిలిచిపోయి, వేగం అందుకున్నాక ఒక్కసారిగా కదులుతుంది. ఆ ముప్పు ఏ కంపెనీ మెషిన్‌కైనా ఒకటే. రెయిన్‌కోట్లు, వాటర్‌ప్రూఫ్ పరుపు కవర్లు చేత్తో ఉతకడమే క్షేమం.

ఎల్‌జీ మిగతా కోడ్‌లలో ‘డీఈ’ అంటే మూత సరిగ్గా పడలేదని. ‘సీఎల్’ అసలు లోపమే కాదు, పిల్లలు మీటలు నొక్కకుండా వేసిన తాళం. నీటి సెన్సర్‌ను చూపే ‘పీఈ’, మోటారును చూపే ‘ఎల్ఈ’ వస్తే బట్టలు తగ్గించి, ప్లగ్గు తీసి కొద్ది నిమిషాల తర్వాత మళ్లీ పెట్టి చూడవచ్చు. తిరిగి వస్తే మెషిన్ వెనుక రేకు ఎవరూ విప్పకూడదు. అక్కడ తడి, కరెంటు పక్కపక్కనే ఉంటాయి. కింది నుంచి ఎలుకలు దూరి వైర్లు కొరికిన సందర్భాలూ తక్కువేమీ కాదు. అది మెకానిక్ పనే.

ఆ మెకానిక్‌ను పిలిచేటప్పుడు ఫోన్ నంబరు వారంటీ కార్డు మీదిదే వాడాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. కోడ్‌ను, మోడల్ నంబరును ఫోటో తీసి ఉంచుకోవాలి. పార్టు మారిస్తే పాతది అడిగి తీసుకోవాలి, బిల్లు రాయించుకోవాలి. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. విడిభాగాలు, రిపేరు వివరాలు కంపెనీల నుంచి జనానికి అందాలని కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది. కంపెనీలు మరో చిన్న పని చేయాలి: తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి మెషిన్ మూత లోపల ఈ కోడ్‌ల అర్థాలను, ముందుగా ఏం చూసుకోవాలో తెలుగులో అచ్చువేసి అతికించాలి.