ఫైలు పంపేది యంత్రం, సరిచూసేది మనం



ఒక సంవత్సరం ఉపకారవేతనాల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టే పనిని మన ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరికి అప్పగించాము. మొత్తం ఐదు ఫైళ్లు. రాత్రి పొద్దుపోయాక ఒక్కొక్కటే చేత్తో పంపుతూ, నాలుగు పంపి ఐదోది మరిచిపోయాడు. ఆ చోట నిరుటి ఫైలే మిగిలిపోయింది. మన విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టే ఒక తల్లి కూతురు, జాబితాలో తన పేరు లేదని చూసి, డిప్లొమా రెండో ఏడు ఫీజు కట్టే ఆశ వదులుకుంది. రెండు రోజుల తర్వాత తప్పు తెలిసి సరిదిద్దాము. ఇది ఆ అబ్బాయి ఒక్కడి తప్పు అనలేను. అలసిన మనిషి చేత ఒకే పని పదేపదే చేయిస్తే ఎక్కడో ఒకచోట పొరపాటు జరుగుతుంది. బ్యాంకులో లెడ్జర్లు రాసినవాడిగా ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఇలాంటి పనిని యంత్రానికి ఎలా అప్పగించాలి, అప్పగించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? కామర్స్ చదివిన నేను మన పిల్లల దగ్గరే కూర్చుని నేర్చుకున్న సంగతులివి. కంప్యూటర్ కోర్సులు చదివేవారికి చివరి సంవత్సరం ప్రాజెక్టులో పనికివస్తాయి.

మన షోలాపూర్ చద్దరు మీద పువ్వు నేసే జకార్డు మగ్గాన్ని చూసే ఉంటారు. ఏ వరుసలో ఏ పడుగు పోగులు పైకి లేవాలో అట్టల మీది రంధ్రాలు చెబుతాయి. అట్టలు ఒకసారి సరిగా కొట్టి వరుసగా కుడితే, నూరో చద్దరు కూడా మొదటిదానిలాగే వస్తుంది. బిల్డ్ స్క్రిప్ట్ అంటే అలాంటి అట్టల వరుసే. ప్రోగ్రాంను కంపైల్ చేయడం, పరీక్షించడం, ఒక ప్యాకేజీగా కట్టడం, సర్వర్‌కు పంపడం, అక్కడ నడిపించడం అనే మెట్లన్నీ అందులో రాసి ఉంటాయి. జావా ప్రోగ్రాముల కోసం 2000లో విడుదలైన అపాచీ యాంట్ ఇలాంటి సాధనం. తర్వాత మావెన్, గ్రాడిల్ వచ్చాయి. సూత్రం అర్థం కావడానికి మాత్రం యాంట్ తేలిక.

దూరపు యంత్రంతో మాట్లాడడానికి మొదట్లో టెల్‌నెట్, ఎఫ్‌టీపీ వాడేవారు. వాటిలో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీది రాతలాగా దారిలో ఎవరైనా చదవగలిగేట్టు పోయేది. ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇలా పాస్‌వర్డ్‌లు దొంగిలించబడ్డాక, అక్కడి తాతు య్లోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిని తయారుచేశారు. ఇందులో సంభాషణ అంతా రహస్య లిపిలో సాగుతుంది. 1999లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ దీనిని అందరికీ ఉచితంగా అందించింది.

యాంట్‌లో దీనికి రెండు పనిముట్లున్నాయి. ఎస్‌సీపీ అనేది ఫైలును పంపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌ఎగ్జెక్ అనేది అవతలి యంత్రం మీద ఆజ్ఞను నడుపుతుంది. పంపిన ఫైలును నేరుగా పాతదాని మీద పడేయకండి. మధ్యలో కరెంటు పోతే సగం కొత్తది, సగం పాతది మిగులుతుంది. ముందు వేరే డైరెక్టరీలోకి పంపండి. చెక్‌సమ్ రెండు వైపులా సరిపోయిందని తేలాకే దానిని అసలు చోటికి మార్చే ఆజ్ఞ ఇవ్వండి. ఆజ్ఞలను సెమికోలన్‌తో కలిపితే మొదటిది విఫలమైనా రెండోది నడుస్తుంది, చివరిదాని ఫలితమే మనకు తెలుస్తుంది. రెండు యాంపర్‌శాండ్ గుర్తులతో కలిపితే, తప్పు జరిగిన చోటే ఆగిపోతుంది.

ఇక జాగ్రత్తలు. బ్యాంకులో టెలిగ్రాం ద్వారా సొమ్ము బదిలీ చేసే రోజుల్లో, తంతిలో పేరు, మొత్తంతో పాటు ఒక రహస్య సంకేతం కూడా వచ్చేది. అధికారి తన పుస్తకంతో సరిచూసి, అది కుదిరితేనే చెల్లింపు జరిగేది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆ స్థానం సర్వర్ కీది. తెలియని సర్వర్ ఎదురైతే యాంట్ ఆగిపోతుంది. చాలామంది పిల్లలు విసుగెత్తి ‘ట్రస్ట్’ అనే చోట ‘ట్రూ’ అని రాసేస్తారు. అంటే ఎవరు వచ్చి అడిగినా సంకేతం చూడకుండా సొమ్ము ఇచ్చేయమని రాసినట్టే. అలా చేయవద్దు. సర్వర్ కీ వేలిముద్రను సర్వర్ నిర్వాహకుల దగ్గర ఒకసారి సరిచూసి, ‘నోన్ హోస్ట్స్’ ఫైలులో చేర్చండి.

రెండోది, పాస్‌వర్డ్‌ను బిల్డ్ ఫైలులో రాయవద్దు. ఆ ఫైలు ప్రాజెక్టుతో పాటు పది చేతులు మారుతుంది. పాస్‌వర్డ్ బదులు జంట కీలు తయారుచేసుకోండి. పబ్లిక్ కీ సర్వర్‌లో ఉంటుంది, ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉండాలి. ఈ పనికి వేరే కీ, వేరే యూజర్ పెట్టండి. ఆ యూజర్‌కు ఆ ఒక్క డైరెక్టరీ మీదే అధికారం చాలు. క్యాషియర్‌కు క్యాష్ కౌంటర్ తాళం ఇస్తాము గాని, మేనేజర్ టేబుల్ తాళం ఇవ్వము కదా!

మూడోది, యాంట్ ఈ పనికి జేష్ అనే లైబ్రరీని వాడుతుంది. దాని అసలు శాఖ 2018 తర్వాత ఆగిపోయింది. 2021 నుండి ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలను మామూలుగా ఒప్పుకోవడం లేదు కాబట్టి పాత జేష్‌తో లాగిన్ విఫలం కావచ్చు. అప్పుడు సర్వర్ భద్రతను తగ్గించవద్దు. ఆ లైబ్రరీకి ఇతరులు కొనసాగిస్తున్న కొత్త శాఖను తెచ్చుకోండి.

అన్నీ అయ్యాక స్క్రిప్ట్ ‘బిల్డ్ సక్సెస్‌ఫుల్’ అంటుంది. మీరు చెప్పిన పనులు తప్పు లేకుండా నడిచాయని మాత్రమే దాని అర్థం. మీరిచ్చింది నిరుటి జాబితానే అయితే, దానినే భద్రంగా చేరవేస్తుంది. అందుకే ఇప్పుడు మన జాబితా స్క్రిప్ట్ ద్వారా వెళ్లినా, వేరొకరు పేజీ తెరిచి, చేతిలోని కాగితంతో ఒక్కొక్క పేరు సరిచూసి టిక్కు పెడతారు. దానికి పావుగంట పడుతుంది. ఫీజు కట్టే గడువు దగ్గరపడిన ఇంట్లో ఆ పావుగంట విలువ తెలుస్తుంది.