మన రైలు నిజంగా చౌకేనా?

ఇంత తక్కువ డబ్బుకు ఇంత దూరం తీసుకుపోయే రైలు ప్రపంచంలో మన దేశంలోనే ఉందని చిన్నప్పటినుంచి వింటున్నాం. ఇది వట్టి గొప్పలు చెప్పుకోవడం కాదు, చాలావరకు నిజమే. 2025 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ రాజ్యసభలో ఒక లెక్క చెప్పారు. 350 కిలోమీటర్ల ప్రయాణానికి జనరల్ తరగతి టికెట్టు మన దగ్గర 121 రూపాయలు. అదే దూరానికి పాకిస్తాన్‌లో మన డబ్బుల్లో 436, శ్రీలంకలో 413. పాశ్చాత్య దేశాల్లో అయితే పది ఇరవై రెట్లు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ ఇంచుమించు అంతే దూరం గనుక, ఆ 121 రూపాయలు ఎంత తక్కువో మనలో చాలామందికి వెంటనే తెలుస్తుంది. మంత్రిగారు ఇంకో మాట కూడా అన్నారు. ఒక ప్రయాణికుణ్ణి ఒక కిలోమీటరు తీసుకుపోవడానికి రైల్వేకు 1 రూపాయి 38 పైసలు ఖర్చయితే, వసూలు చేస్తున్నది 73 పైసలేనట.

అయితే ఈ పోలికలో ఒక చిక్కు ఉంది. రూపాయిని యెన్‌తోనో, పౌండుతోనో మార్చి చూసినంత మాత్రాన ఏది చౌకో ఏది ప్రియమో తేలదు. మాది వ్యవసాయం మీద బతికే ఇల్లు. గుమ్మడిదలలో మా నాయిన ఏ వస్తువు ధర విన్నా ముందు అడిగే ప్రశ్న, “ఎన్ని కైకిళ్లు పడతయి?” అని. మోటారు బాగుచేయించినా, పెండ్లికి బట్టలు కొన్నా ఆ ధర ఎన్ని రోజుల కూలికి సమానమో లెక్క కట్టనిదే ఆయనకు తృప్తి ఉండదు. అర్థశాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఇంకేదో పెద్ద పేరుతో పిలుస్తారు. నాకు మాత్రం మా నాయిన కొలతే ఎక్కువ నచ్చింది. ఈ వ్యాసంలో రైలును కూడా ఆ కొలతతోనే కొలుస్తాను.

దానికి ముందు అసలు రైలు ఎందుకు చౌక అన్నది చూడాలి. సైన్సు విద్యార్థిగా ఇది చెప్పకుండా ముందుకు పోలేను. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లుతున్నప్పుడు రెండూ తాకే చోటు చాలా చిన్నది, రెండూ దాదాపు వంగవు. రోడ్డు మీద రబ్బరు టైరు అలా కాదు. బరువుకు అణిగి మళ్లీ లేస్తూ, ప్రతి చుట్టుకూ కొంత శక్తిని వేడిగా పారేస్తుంది. అందుకే ఒకే బరువును లాగడానికి లారీకి కావలసిన బలంలో చిన్న భాగం రైలింజనుకు చాలు. ఈ లాభం అన్ని దేశాలకూ ఒకటే, జపానుకైనా మనకైనా.

మరి ఖర్చు ఎక్కడ పెరుగుతుంది? వేగం దగ్గర. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుందని మనం ఇంటర్‌లోనే చదువుకున్నాం. 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని 320తో నడపాలంటే వేగం నాలుగింతలు, గాలి నిరోధం పదహారింతలు. ఆ వేగానికి మలుపులు తక్కువ ఉండాలి, గేట్లు ఉండకూడదు, గూడ్సు బండి అడ్డం రాకూడదు. 1964 అక్టోబర్ 1న టోక్యో – ఒసాకా మధ్య షింకాన్‌సెన్ మొదలైనప్పుడు జపానువాళ్లు పాత పట్టాల మీద ఆ బండిని నడపలేదు. ఆ బండికని వేరే వెడల్పుతో కొత్త లైనే వేశారు. మన దగ్గర బొగ్గు, సిమెంటు, ప్యాసింజర్, ఎక్స్‌ప్రెస్, వందే భారత్ అన్నీ చాలా చోట్ల అదే జంట పట్టాల మీద పోవాలి. మన గూడ్సు బండి సగటు వేగం గంటకు 25 కిలోమీటర్ల చుట్టుపక్కల చాలా ఏళ్లుగా నిలిచి ఉంది. ఎడ్లబండి వెనక కారు పోవలసి వస్తే కారు వేగం ఎంతో చెప్పనక్కరలేదు.

అయితే ఆ గూడ్సు బండిని తిట్టడం కృతఘ్నత అవుతుంది. ప్రయాణికుడి దగ్గర రాని డబ్బును రైల్వే రాబట్టుకునేది అక్కడే. రైల్వే రాబడిలో పెద్ద వాటా సరుకు రవాణాది, అందులో పెద్ద వాటా బొగ్గుది. అంటే మన టికెట్టు మీద తగ్గిన డబ్బు ఎక్కడికీ పోలేదు. కొంత ప్రభుత్వ ఖజానా నుంచి, కొంత బొగ్గు కిరాయి రూపంలో కరెంటు బిల్లు నుంచి, కొంత సిమెంటు బస్తా ధర నుంచి మళ్లీ మనమే కడుతున్నాం. రైలెక్కనివాడు కూడా కడుతున్నాడు. తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు ఉచితం గనుక మా బోరు ఈ లెక్కలోంచి తప్పించుకుంది గాని, మా ఇంటి బల్బు తప్పించుకోలేదు.

ఇక కైకిళ్ల లెక్కకు వద్దాం. టోక్యో నుంచి ఒసాకా 515 కిలోమీటర్లు. షింకాన్‌సెన్ టికెట్టు దాదాపు 14,000 యెన్లు, మన డబ్బుల్లో ఎనిమిది వేలు. వినగానే గుండె గుభేలుమంటుంది. కాని 2024లో జపానులో కనీస కూలి సగటు గంటకు 1,055 యెన్లు. హోటల్లో గిన్నెలు కడిగేవాడు కూడా పదమూడు పద్నాలుగు గంటలు, అంటే రెండు రోజులకన్నా తక్కువ పనిచేస్తే ఆ టికెట్టు వస్తుంది. దానికి బదులు అతనికి దొరికేది తనకంటూ ఒక కుర్చీ, రెండున్నర గంటల ప్రయాణం, ఏడాది సగటున ఒక నిమిషం అటూ ఇటూగా ఉండే ఆలస్యం.

మన వైపు చూద్దాం. 2023 జనవరి 15న సికింద్రాబాద్ – విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. 699 కిలోమీటర్లు, సుమారు ఎనిమిదిన్నర గంటలు. చైర్ కార్ టికెట్టు భోజనంతో కలిపి పదిహేడు వందల దాకా అవుతుంది. తెలంగాణలో 2025–26కు ఉపాధి హామీ పథకం కూలి రోజుకు 307 రూపాయలు. లెక్క మీరే వేయండి. అయిదున్నర కైకిళ్లు! ప్రపంచంలోనే చౌక అన్న మన దేశంలో, కాస్త త్వరగా కూర్చొని పోదామనుకున్న కూలి మనిషికి టికెట్టు జపాను బుల్లెట్ రైలుకన్నా ఎక్కువ కష్టం మీద వస్తుంది. పైగా సగటు వేగం గంటకు 82 కిలోమీటర్లే. అదే విశాఖపట్నానికి జనరల్ బోగీలో అయితే రెండు వందల చిల్లర, ఒక్క కైకిలి కూడా పూర్తిగా పడదు. 1974 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పోతే తెల్లవారి చేరతాం.

అంటే మనకు ఒక రైల్వే కాదు, రెండు ఉన్నాయి. ఒకటి ప్రపంచంలో అందరికన్నా చౌక, రెండోది మన సంపాదనతో చూస్తే అందరికన్నా ప్రియమైనవాటిలో ఒకటి. రెండూ ఒకే ప్లాట్‌ఫారం మీద ఆగుతాయి గనుక మనకు తేడా కనబడదు.

ఇతర దేశాలన్నీ స్వర్గమని అనడం నా ఉద్దేశం కాదు. జర్మనీ అనగానే మనవాళ్లు గడియారం సరిచేసుకోవచ్చంటారు గాని, 2024లో అక్కడి దూరప్రాంతపు రైళ్లలో వేళకు వచ్చినవి 62.5 శాతమే. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యంగా లెక్కపెట్టరు, అయినా అంతే. బ్రిటన్ 1990లలో రైళ్లను ప్రైవేటు కంపెనీలకు ఇచ్చి, ధరలు పెరిగి, జనం విసిగి, 2024లో మళ్లీ ప్రభుత్వం కిందికి తెచ్చుకోవడానికి చట్టం చేసింది. అమెరికాలో పట్టాలు చాలావరకు గూడ్సు కంపెనీలవి. ప్రయాణికుల రైలు అక్కడ అద్దె ఇంట్లో కాపురం చేస్తున్నట్టే.

కాని జర్మనీ చేసిన ఒక పని మన పోలికకు బాగా పనికొస్తుంది. 2023 మే నుంచి నెలకు 49 యూరోలకు ఒక టికెట్టు పెట్టారు. దానితో దేశంలో ఎక్కడైనా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. 2026లో దాని ధర 63 యూరోలు అయింది. అక్కడి కనీస కూలి గంటకు 13.90 యూరోలు గనుక, అయిదు గంటలు కూడా పనిచేయకముందే నెల ప్రయాణం గట్టెక్కుతుంది. లక్సెంబర్గ్ 2020 మార్చి 1 నుంచి రెండో తరగతి రైలునూ బస్సునూ అందరికీ ఉచితం చేసింది. మనకు ఇది వింత కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా పోతున్నారు. మా అమ్మ నర్సాపూర్ సంతకు పోతే ఇప్పుడు సంచి బరువు తప్ప వేరే ఖర్చు లేదు. ఇంకొకటి, చాలామందికి తెలియదని ఇక్కడ రాస్తున్నాను. రైల్వేలో ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు పన్నెండో తరగతి దాకా, ఇంటికీ చదువుకునే చోటికీ మధ్య రెండో తరగతి నెలవారీ పాసు ఉచితం. మా క్లాసు అమ్మాయిలు ఇది చదివి నాకు ఒక చాయ్ తాగించవచ్చు.

చైనా మాట కూడా చెప్పాలి. బీజింగ్ – షాంఘై మధ్య 1,318 కిలోమీటర్లు నాలుగున్నర గంటల లోపు పోయే బండ్ల గురించి అందరికీ తెలుసు. నాకు నచ్చింది అది కాదు. సిచువాన్ రాష్ట్రంలో లియాంగ్‌షాన్ కొండల్లో ఒక నిదానపు బండి నడుస్తుంది. టికెట్టు రెండు యువాన్ల నుంచి మొదలు. దశాబ్దాలుగా ధర పెంచలేదు. రైతులు కూరగాయల బుట్టలతో, కోళ్లతో, పందిపిల్లలతో ఎక్కి సంతకు పోతారు. వేగపు బండి వచ్చింది గదా అని దాన్ని ఆపలేదు.

మన దగ్గర 2020లో జరిగింది వేరు. కరోనాతో ఆగిన ప్యాసింజర్ బండ్లు తిరిగి మొదలైనప్పుడు చాలావాటికి ఎక్స్‌ప్రెస్ అనీ స్పెషల్ అనీ పేరు వచ్చింది. అవే పెట్టెలు, అవే స్టేషన్లు. కనీస టికెట్టు మాత్రం 10 నుంచి 30 రూపాయలయింది. నాలుగేళ్లు గడిచి 2024 ఫిబ్రవరిలో గాని మళ్లీ పది రూపాయలకు రాలేదు. పేరు మార్చడం మనకు పాత అలవాటే. 1917లోనే గాంధీగారు మూడో తరగతి ప్రయాణపు అవస్థ మీద ఒక చిన్న పుస్తకం రాశారు. 1974లో మూడో తరగతి అన్న పేరు తీసేసి రెండో తరగతి అన్నారు. ఇక 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీ, అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉండేది, ఆ తర్వాత తిరిగి రానే లేదు.

మా ప్రాంతం సంగతి. సంగారెడ్డి జిల్లా కేంద్రమే గాని ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి మీదుగా ఆదిలాబాద్‌కు లైను అన్న మాట నేను పుట్టకముందునుంచీ ఉంది. గుమ్మడిదల నుంచి రైలు పట్టాలు చూడాలంటే మేడ్చల్ పోవాలి, లేదా లింగంపల్లి. అయినా మా ప్రాంతం నడిచేది రైలు మీదనే. బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలినప్పుడు వినిపించే భాషలు చాలు, ఈ కార్మికులు ఏ బండ్లలో వచ్చారో చెప్పడానికి. 2020 మే 1న తెల్లవారుజామున లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే. 24 పెట్టెలు, డెబ్బై రెండు మంది పట్టే పెట్టెలో యాభై నలుగురు చొప్పున సుమారు 1,200 మంది జార్ఖండ్ కార్మికులు హటియాకు పోయారు. కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లు వాళ్లు. జనరల్ తరగతి మనిషికి కూర్చోవడానికి చోటు ఇచ్చి, లెక్కపెట్టి ఎక్కించిన బండి అది. దానికి ఒక మహమ్మారి రావలసి వచ్చింది.

ఇప్పుడు మా వైపు వరినాట్లకు కూడా బీహారు ముఠాలు వస్తున్నాయి. పోయిన వానాకాలం మా మడిలో నాటు వేసిన ముఠా పెద్దమనిషిని రైలు గురించి అడిగాను. ముప్పై గంటల పైచిలుకు ప్రయాణంలో సగం దూరం తలుపు దగ్గర నిలబడి, మిగతా సగం సంచి మీద కూర్చొని వచ్చామన్నాడు. చార్జీ పెంచితే ఏం చేస్తావని అడిగితే నవ్వాడు. “కూర్చోనిస్తే ఇంకో వంద ఇస్తా, నిలబెట్టేటట్టయితే పది కూడా ఎక్కువే” అన్నాడు హిందీలో. మా నాయినకు తెలుగులో చెప్తే, “సరిగనే చెప్పిండు, నిలబడ్డ కైకిలి కూడ లెక్కల పట్టాలె గద” అన్నాడు. ముప్పై గంటలు నిలబడినవాడు చేరిన మర్నాడు నాటుకు దిగలేడు. ఆ పోయిన రోజు కూలి టికెట్టు మీద ముద్రించరు గాని, అదీ టికెట్టు ధరే.

ఏసీ లేని పెట్టెలతోనే కొంచెం వేగంగా నడిచే అమృత్ భారత్ బండ్లను 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టారు. బీహారులోని ముజఫర్‌పూర్ నుంచి మన చర్లపల్లికి అలాంటిది 2025 సెప్టెంబర్‌లో జెండా ఊపించుకుంది. ఆ పెద్దమనిషి ఊరు ఆ దారిలోనే. మొదలైనప్పుడు ఆ బండి వారానికి ఒక్కరోజు.