అదే ఇంజిన్... అయినా అది వేరే బండి!

2025 జనవరి 7. దుబాయ్ ఆటోడ్రోమ్‌లో రేసుకు ముందు ప్రాక్టీసు జరుగుతోంది. నటుడు అజిత్ కుమార్ నడుపుతున్న పోర్షే కారు అదుపు తప్పి పక్కగోడను ఢీకొట్టింది. బొంగరంలా గిరగిరా తిరిగి ఆగింది. ఆ వీడియో మన ఫోన్లలో ఎన్ని చుట్లు కొట్టిందో చెప్పక్కర్లేదు. అజిత్ సికింద్రాబాద్‌లో పుట్టిన మనిషి, ‘ప్రేమ పుస్తకం’ అనే తెలుగు సినిమాలో హీరోగా చేసినవారు. అందుకే ఇక్కడా చాలామందికి గుండె గుభేలుమంది. తీరా చూస్తే ఆయన కారులోంచి బయటికొచ్చి తన కాళ్ల మీద తాను నడిచారు. నాలుగు రోజుల తర్వాత మొదలైన 24 గంటల రేసులో ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం కూడా తెచ్చుకుంది.

నాకు ఆ వీడియోలో మనిషి తర్వాత కారు మీదకు మనసు పోయింది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. కంపెనీ నుంచి ఒట్టి ఛాసిస్ వచ్చేది. దాని మీద క్యాబిన్, తొట్టి, రంగులు, బొమ్మలు అన్నీ మావాళ్ల చేతుల మీదుగానే. కాబట్టి ఇంట్లో ఏ బండి మాట వచ్చినా ముందు ‘ఎలా కట్టారు?’ అనే ప్రశ్న వస్తుంది. నాన్నకు వీడియో చూపిస్తే రెండుసార్లు చూసి, ‘‘ఇంజిన్ ఏం చేశార్రా? బోరు పెంచారా?’’ అని అడిగారు.

‘‘ఏం పెంచలేదు నాన్నా. షోరూంలో దొరికే కారు పవరెంతో దీనిదీ అంతే’’ అన్నాను. ఆయన నమ్మలేదు. మీరూ నమ్మకపోవచ్చు. లెక్క చూద్దాం.

షోరూంలో అమ్మే పోర్షే 911 జీటీ3, దాని నుంచి పుట్టిన రేసు కారు 911 జీటీ3 కప్. రెండూ ఒకే తరానివి, 992 అని పిలుస్తారు. రెండింటిలోనూ ఉన్నది 4 లీటర్ల, 6 సిలిండర్ల ఇంజినే. రెండింటి శక్తీ 510 హార్స్‌పవరే. ఒక్క గుర్రం కూడా ఎక్కువ లేదు! పైగా రోడ్డు కారు ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే రేసు కారుది 8,750 దగ్గరే ఆగిపోతుంది. అంటే రోడ్డు మీద తిరిగేదే ఎక్కువ గింజుకుంటుంది.

మరి తేడా ఎక్కడ? మొదటిది బరువు. రోడ్డు కారు 1,400 కిలోల పైమాటే. కప్ కారు 1,260 కిలోలు. కార్పెట్లు, స్పీకర్లు, శబ్దం రాకుండా లోపల అతికించే పొరలు ఉండవు. తలుపులు, వెనక ఇంజిన్ మూత, రెక్క కార్బన్ ఫైబర్‌వి. అద్దాలు గాజువి కావు, పాలికార్బొనేట్‌వి. ఎయిర్ బ్యాగులు కూడా ఉండవు. ప్రాణం కాపాడేదాన్నే తీసేస్తారా అని మీరు అడగొచ్చు. రేసులో డ్రైవర్‌ను బెల్టులతో సీటుకు కట్టేస్తారు. తల, మెడ ముందుకు విసురుగా పోకుండా హెల్మెట్‌కు వేరే పట్టు ఉంటుంది. అంత బిగించి కూర్చోబెట్టాక ఎదుట బ్యాగు పేలితే లాభం కంటే ఇబ్బందే ఎక్కువ.

తీసేసిన వాటి చోట పెట్టేది పంజరం. ఉక్కు గొట్టాలను బాడీకే వెల్డింగ్ చేసి డ్రైవర్ చుట్టూ ఒక గూడు కడతారు. దుబాయ్ వీడియోలో కారు గోడకు తగిలాక ముందూ వెనకా నుజ్జయినా మనిషి కూర్చున్న చోటు అలాగే నిలబడడానికే ఇది. పైకప్పులో ఒక కిటికీ కూడా ఉంటుంది. ప్రమాదం జరిగితే మనిషి మెడ కదలకుండా పైనుంచి పట్టుకుని బయటికి తీయడానికి. పెట్రోలు ట్యాంకు మామూలు డబ్బా కాదు, చిరగని సంచిలాంటిది. అందులో 110 లీటర్లు పడతాయి. రోడ్డు కారుది 64 లీటర్లు.

చక్రాల దగ్గర నాకు ఇంకో ఆశ్చర్యం. రోడ్డు కారుకు ముందు 20, వెనక 21 అంగుళాల వీల్స్. రేసు కారుకు నాలుగూ 18 అంగుళాలవే! ఎత్తు తగ్గించి వెడల్పు పెంచారు. ముందువి 12, వెనకవి 13 అంగుళాల వెడల్పు. పెద్ద వీల్స్ వేయిస్తే బండికి అందం అని మన కుర్రాళ్లు అప్పుచేసి మరీ మార్పిస్తుంటారు కదా... రేసువాళ్ల లెక్క వేరే. గేర్లు ఆరు, స్టీరింగ్ వెనక రేకులు నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. రోడ్డు మీదైతే ఆ గేర్‌బాక్స్ చేసే చప్పుడు, కుదుపు భరించలేం.

ఈ కారును ఎక్కడో రహస్య షెడ్డులో కట్టరు. జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన సుఫెన్‌హౌజన్ అనే చోట, జనం కొనుక్కునే 911లు వచ్చే లైన్ మీదే ఇదీ వస్తుంది. తర్వాత వైజాక్ దగ్గరున్న రేసు విభాగానికి పంపి సర్దుతారు, ట్రాక్ మీద నడిపి చూస్తారు. ఆటోనగర్‌లో పద్ధతికి ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. మనవాళ్లు ఖాళీ ఛాసిస్‌కు బాడీ తగిలిస్తారు, అక్కడ సిద్ధమయ్యే బాడీలోంచి తీసేస్తూ పోతారు. 1990లో జర్మనీలో కరెరా కప్ మొదలైనప్పటి నుంచి ఇలా అమ్మిన కప్ కార్లు 4 వేలు దాటాయి. ఎవరికి అమ్మారు? అసలు కథ అక్కడే ఉంది.

కొనేవాడు ఫార్ములా వన్ చాంపియన్ కాదు. ఒక వ్యాపారి, ఒక డాక్టరు, లేదా ఒక సినిమా హీరో. వారాంతంలో రేసుకు వచ్చి సోమవారం పనికి పోయే మనిషి. ఇలాంటి రేసుల్లో డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని విడగొడతారు. చాలా జట్లలో డబ్బు పెట్టేది ఆ బ్రాంజ్ ఆసామే. కారు ఆయనకు లొంగాలి, ఆయన తప్పు చేస్తే చంపకూడదు, ఆయన ఆస్తి కరిగించకూడదు. కస్టమర్ రేసింగ్ అంటే ఇదే. కంపెనీ తన జట్టు కోసం కట్టుకునే కారులో గెలుపే మొదటి లెక్క. ఇక్కడ కొన్నవాడి జేబు కూడా లెక్కలోకి వస్తుంది.

992 కప్ కారు వచ్చినప్పుడు ధర 2 లక్షల 25 వేల యూరోలు, పన్నులు కాకుండా. అప్పటి మారకంలో మన డబ్బు 2 కోట్లు. దాని పెద్దన్న జీటీ3 ఆర్ అయితే 5 లక్షల యూరోల పైమాటే. కొన్నాక మొదలయ్యే ఖర్చు మాత్రం గంటల్లో వస్తుంది. ట్రాక్ మీద 100 గంటలు తిరిగాక ఇంజిన్ సర్వీసుకు వెళ్లాలి. గేర్‌బాక్స్‌కు 60 గంటలకు చిన్న సర్వీసు, 120 గంటలకు పెద్దది. 100 గంటలు అంటే ఎంత? కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ రానూపోనూ రెండు గంటలు పోతాయనుకుంటే, 50 రోజులు. అంతలో మన బండి ఓడోమీటరు మహా అయితే కాస్త కదులుతుంది. దుబాయ్‌లాంటి 24 గంటల రేసులైతే నాలుగు ఆడేసరికి ఇంజిన్ సర్వీసు గుమ్మం ముందుంటుంది. అయినా రేసులవాళ్ల లెక్కలో ఇది చాలా మన్నికైన ఇంజిన్.

అందుకే పవర్ పెంచలేదు. 510తోనే సరిపెడితే ఇంజిన్ ఒత్తిడి లేకుండా బతుకుతుంది. ఒకే మోడల్ కార్లు పోటీపడే కప్ రేసుల్లో అందరికీ అదే పవర్, కాబట్టి పెంచి లాభమూ లేదు. ఫెరారీ, మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, పోర్షే కలిసి ఆడే జీటీ3 తరగతిలోనూ అంతే. ఎవరి కారు మరీ ముందుకు పోతే వాళ్లకు నిర్వాహకులు బరువు కలుపుతారు, లేదంటే పవర్ తగ్గిస్తారు. ఇక కంపెనీలు పోటీపడేది ఎందులో? కొత్తవాడి చేతికి ఎవరి కారు తేలిగ్గా లొంగుతుంది, దెబ్బ తగిలితే ఎవరిది త్వరగా బాగవుతుంది, ట్రాక్ పక్కన ఎవరి స్పేర్ పార్టుల లారీలో కావలసిన ముక్క దొరుకుతుంది... వీటిలో. నన్నడిగితే ఇంజినీరింగ్‌లో ఇదే కష్టమైన పని. పవర్ పెంచడం ఆటోనగర్‌లోనూ చేస్తారు.

రేసు నుంచి రోడ్డుకూ కొంత వెనక్కి వస్తుంది. 992 జీటీ3కి ముందు చక్రాల దగ్గర డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ పెట్టారు. రోడ్డు మీద తిరిగే 911కి అది అదే మొదటిసారి. అంతకుముందు ఆ ఏర్పాటు రేసు కారుది. మన దేశంలోనూ షోరూం కారును రేసు కారు చేసి అందరికీ ఒకే రకం ఇచ్చే పద్ధతి ఉంది. 2010లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో కప్ అలాంటిదే. వీధిలో కనిపించే పోలోకే పంజరం కట్టి ట్రాక్ మీదకు దించారు.

2026 సీజన్ కోసం పోర్షే కొత్త కప్ కారు చూపించింది. పవర్ 520కి చేరింది, అంటే పెంచింది పది. నాకు నచ్చింది అది కాదు. ముందు బంపరు కింద ఉండే పెదవిని మూడు ముక్కలుగా చేశారు, ఎక్కడ తగిలితే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. హెడ్‌లైట్లలో పగటిపూట వెలిగే లైట్లు తీసేశారు, దెబ్బ తగిలినప్పుడు మార్చే ఖర్చు తగ్గుతుందని. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం నాన్న తలూపారు. ‘‘వాళ్లెవరో టింకరింగ్ షెడ్డులో కూర్చున్నవాళ్లేరా’’ అన్నారు.