ఫోన్ నిమిషాలు లెక్కపెడితే పేటెంట్ ఇస్తారా?

ఏ యాప్‌లో ఎంతసేపు గడిపామో ఫోనే చెప్పడం ఇప్పుడు వింత కాదు. 2018 మే నెలలో గూగుల్ ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ను, ఆ మరుసటి నెలలో ఆపిల్ ‘స్క్రీన్ టైమ్’ను ప్రకటించాయి. పిల్లలు ఆటల్లో పడి చదువు మరుస్తున్నారని బెంగపడే తల్లిదండ్రులకు ఈ లెక్క కావాలి. సిబ్బంది పని వేళలు తెలుసుకోవాలనుకునే కంపెనీలకు కావాలి. తన అలవాటును తానే అదుపులో పెట్టుకోవాలనుకునే కాలేజీ కుర్రాడికీ కావాలి. అందుకే దీని చుట్టూ కొత్త ఆలోచనలు పుడుతూనే ఉన్నాయి. ఆలోచన వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటే: దీనికి పేటెంట్ వస్తుందా?

ముందు మన చట్టం సంగతి. 1970 నాటి పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3 ‘ఇవి ఆవిష్కరణలు కావు’ అంటూ ఓ జాబితా ఇస్తుంది. 2002 సవరణతో అందులో 3(కె) చేరింది. గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ పర్ సే’, అల్గారిథమ్‌లు దీని కిందికి వస్తాయి. 2004 చివర్లో ఓ ఆర్డినెన్సు ఈ నిషేధాన్ని సడలించి, పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడే ప్రోగ్రాములకు, హార్డ్‌వేర్‌తో కలిసి వచ్చే ప్రోగ్రాములకు దారి తెరవబోయింది. 2005లో పార్లమెంటు ఆ సడలింపును పక్కన పెట్టేసింది. కాబట్టి ‘పర్ సే’ అలాగే నిలిచింది. అంటే ప్రోగ్రామ్ తప్ప మరేమీ లేనిదానికి పేటెంట్ లేదు. ప్రోగ్రామ్ ఉంది కదా అని మొత్తం ఆవిష్కరణను తోసిపుచ్చడానికీ లేదు. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల పోరాటమంతా ఈ రెంటి మధ్యే జరుగుతుంది.

ఓ దరఖాస్తును దగ్గర నుంచి చూద్దాం. పేటెంట్‌లో ప్రాణమంతా ‘క్లెయిమ్’ అనే వాక్యంలో ఉంటుంది. ఇదిగో, ఇది నా హక్కు అని హద్దు గీసేది అదే. ఒక ఊహా క్లెయిమ్ ఇలా ఉందనుకోండి: మొబైల్ తెర మీద ముందున్న యాప్‌ను ప్రాసెసర్ గుర్తించడం; అది తెర మీద ఉన్న సమయాన్ని కూడి మెమరీలో ఉంచడం; ఆ మొత్తం ముందే పెట్టుకున్న పరిమితిని దాటితే హెచ్చరించడం; రోజు మొత్తం వాడకాన్ని రంగుల చక్రంగా చూపడం; తక్కువ వాడినవారికి పాయింట్లు ఇవ్వడం.

చదవడానికి నిండుగానే ఉంది. పరీక్షాధికారి దీన్ని ముక్కలుగా విడదీస్తాడు. పాయింట్లు ఇవ్వడం మనుషులకు పెట్టిన ఓ నియమం, అంతే. పథకాలు, నియమాలు, మానసిక క్రియలు సెక్షన్ 3(ఎం) కిందికి పోతాయి. రంగుల చక్రం సమాచారాన్ని చూపించడం మాత్రమే, దానికి 3(ఎన్) అడ్డు. సమయాన్ని కూడి పరిమితితో పోల్చడం వట్టి లెక్క, అది 3(కె)లో పడుతుంది. ఇక మిగిలింది ముందున్న యాప్‌ను గుర్తించడం. అది యంత్రం లోపల జరిగే పనే, కాదనలేం. కానీ అది కొత్తదా? ఏ యాప్ ఎప్పుడు ముందుకొచ్చింది, ఎప్పుడు వెనక్కి పోయింది అన్న వివరాలు యాప్ తయారీదారులకు అందించే సౌకర్యం 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0లోనే ఉంది. కొత్తదనం అక్కడే పోయింది.

వాక్యంలో ప్రాసెసర్, మెమరీ అన్న మాటలు చేర్చినంత మాత్రాన ఫలితం మారదు. మాటల రూపం చూడొద్దు, సారం చూడమని పేటెంట్ ఆఫీసు 2017 మార్గదర్శకాలు చెప్పాయి. అంతకు ముందు ఏడాది వచ్చిన మార్గదర్శకాలైతే ప్రోగ్రామ్‌తో పాటు కొత్త హార్డ్‌వేర్ కూడా ఉండాలన్నాయి. 2017లో ఆ షరతు తీసేయడం మంచి పని అని నా అభిప్రాయం. మామూలు ఫోన్‌తోనే ఎవరూ చేయలేని పని చేయించినవాడిని కొత్త చిప్ ఏదని అడగడం న్యాయం కాదు.

మరి దారి మూసుకుపోయిందా? లేదు. ‘ఎంతసేపు వాడారు’ అన్నది వినడానికి తేలికే కానీ, కొలవడానికి దిగితే చిక్కులు ఒక్కొక్కటే బయటపడతాయి. ముందున్న యాప్ ఏదని సెకనుకోసారి అడుగుతూ ఉంటే ప్రాసెసర్‌కు నిద్ర ఉండదు, బ్యాటరీ కరిగిపోతుంది. నిమిషానికోసారి అడిగితే మధ్యలో ఇరవై సెకన్ల పాటు తెరిచి మూసిన యాప్ లెక్కకే రాదు. దీనికి మేలైన మార్గం, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాసినట్టు, రాకపోకల వేళలు మాత్రమే రాసుకుని తీసివేత చేయడం. కానీ ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతే ‘వచ్చింది’ అని ఉంటుంది, ‘వెళ్లింది’ అని ఉండదు. తెరను రెండుగా పంచి ఓ పక్క మెయిల్ రాస్తూ, ఇంకో పక్క వీడియో చూస్తుంటే ఆ పది నిమిషాలు ఎవరి ఖాతాలో వేయాలి? తెర ఆరిపోయి పాట మాత్రమే వినిపిస్తుంటే అది వాడకమేనా?

గడియారం సంగతి మరీ ఆసక్తికరం. పరిమితి నిండిన పిల్లవాడు సెట్టింగుల్లోకి వెళ్లి తేదీని మార్చేస్తే చాలు, తేలికపాటి యాప్ మోసపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేళ చూసుకోవడానికి ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. ఒకటి మనకు కనిపించే గోడ గడియారం, దాన్ని ఎవరైనా తిప్పొచ్చు. మరొకటి ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి నడిచేది. ఫోన్ గాఢనిద్రలో ఉన్న సమయాన్ని కూడా అది కలుపుకుంటుంది, తేదీ మార్చినా దానికి పట్టదు. అయితే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అది సున్నా నుంచి మొదలవుతుంది. ఒకదాన్ని తిప్పొచ్చు, ఇంకోదాన్ని చెరిపేయొచ్చు. రెండింటినీ జోడించి, రీస్టార్టులను దాటి, ఇంటర్నెట్ లేకపోయినా, బ్యాటరీ తినకుండా నమ్మదగిన లెక్క ఇవ్వడం ఎలా? ఇది సాంకేతిక సమస్య. దీనికి ఇప్పటిదాకా ఎవరూ చూపని పరిష్కారం చూపి, ఆ రంగంలో నిపుణుడికి కూడా అది సులువుగా తట్టేది కాదని నిరూపిస్తే, పరీక్షాధికారి ముందు నిలబడే అవకాశం ఉంది. అక్కడ బాగుపడింది ఫోన్ పనితీరే. చట్టం వెతికే సాంకేతిక ప్రభావం అదే.

అమెరికా కోర్టులూ ఇంచుమించు ఈ గీతనే గీశాయి. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో, నైరూప్యమైన ఆలోచనను కంప్యూటర్‌పై నడిపినంత మాత్రాన పేటెంట్ రాదంది. 2016లో ఎలక్ట్రిక్ పవర్ గ్రూప్ వర్సెస్ అల్‌స్టామ్ కేసు ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ముందుకు వచ్చింది. విద్యుత్ గ్రిడ్‌ను గమనించే పద్ధతి అది. సమాచారం సేకరించడం, విశ్లేషించడం, చూపించడం, ఇవి మూడూ కలిసినా నైరూప్య ఆలోచనే అని కోర్టు తేల్చింది. మన యాప్ చేసేదీ సరిగ్గా ఆ మూడు పనులే కనుక ఈ తీర్పును ప్రతి దరఖాస్తుదారూ చదవాలి. అదే కోర్టు 2019లో ఎస్ఆర్ఐ వర్సెస్ సిస్కో కేసులో మరో నిఘా పేటెంట్‌ను నిలబెట్టింది. నెట్‌వర్క్‌లో ఏయే రకాల సమాచారాన్ని ఏ మానిటర్లు గమనించాలో, వాటి నివేదికలు ఎక్కడ కలవాలో ఆ క్లెయిములు స్పష్టంగా చెప్పాయి, దానివల్ల నెట్‌వర్క్ భద్రతే మెరుగైంది. రెండూ గమనించే పద్ధతులే. ఒకటి ఏం కావాలో చెప్పి ఆగింది, రెండోది ఎలా చేస్తుందో కూడా చెప్పింది.

మన దగ్గర ఫెరిద్ అలానీ కేసు తెలుసుకోదగ్గది. వెబ్‌లోని సమాచారాన్ని, సేవలను అందుకునే పద్ధతికి ఆయన 2002లో ఇక్కడ దరఖాస్తు పెట్టారు. తిరస్కరించారు. ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో, కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్ వచ్చిన ఈ రోజుల్లో కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో ముడిపడిన ప్రతిదాన్నీ తోసిపుచ్చడం సరికాదనీ, సాంకేతిక ప్రభావం ఉందో లేదో చూడాలనీ చెప్పి మళ్లీ పరిశీలించమంది. 2020లో అప్పిలేట్ బోర్డు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. పేటెంట్ ఆయుష్షు 20 ఏళ్లే, అది దరఖాస్తు నాటి నుంచే నడుస్తుంది. ఆ ఆయుష్షులో చాలా భాగం వాదనల్లోనే కరిగిపోయింది. ఇంత ఆలస్యం ఏ ఆవిష్కర్తకూ జరగకూడదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పేటెంట్ అంటే ఇతరులు చేయకుండా ఆపే హక్కే తప్ప, మనం ఎవరి ఫోన్‌లోకైనా తొంగిచూడటానికి అనుమతి కాదు. ఉద్యోగి తెరపై నిఘా పెట్టడం సబబా కాదా అన్నది పరీక్షాధికారి తేల్చే విషయం కాదు. దానికి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వేరే ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లే దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో పెడితే వ్యక్తులకు, స్టార్టప్‌లకు మొదటి ఫీజు 1,600 రూపాయలు. పరీక్ష కోసం విడిగా కోరాలి, దానికి వేరే ఫీజు. తొలి పరీక్షా నివేదిక వచ్చాక జవాబివ్వడానికి 6 నెలల గడువుంటుంది. ఆ జవాబులో వాదించొచ్చు, క్లెయిమ్‌ను కుదించొచ్చు. మొదటి రోజు రాయని విషయాన్ని మాత్రం తర్వాత చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. ‘తెలివైన పద్ధతిలో సమయం లెక్కిస్తుంది’ అని రాసి పంపినవారు చాలావరకు ఓడిపోయేది ఇక్కడే.

కాబట్టి ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులకు, వారి గురువులకు నా విన్నపం. యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టే ముందే దరఖాస్తు పెట్టండి. మీరే ముందుగా బయటపెడితే అదే మీ కొత్తదనాన్ని దెబ్బతీస్తుంది. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పాత దరఖాస్తులను ఉచితంగా వెతకొచ్చు, ముందు ఆ పని చేయండి. ఆపైన ఫోన్ ఆగిపోయినప్పుడు మీ లెక్క ఏమవుతుంది, తేదీ మారిస్తే ఏమవుతుంది, బ్యాటరీ ఎంత ఖర్చవుతుంది అన్నవి కొలిచి, ఆ కొలతలను, ఆ పద్ధతిని అడుగడుగునా వివరంగా రాయండి. రంగుల చక్రం గురించి ఒక్క వాక్యం చాలు.