అద్దంకి – నార్కట్‌పల్లి రహదారి



గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడి నేలలను దాటిపోవు రాష్ట్ర రహదారులలో అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి ముఖ్యమైనది. దీనివలన మన గ్రామములకు కలుగు లాభమెట్టిది, అపాయమెట్టిది యను విషయమును నేడు వివరించెదను.

ఈ దారి హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై నున్న నార్కట్‌పల్లి యొద్ద బయలుదేరి, నల్లగొండ, మిర్యాలగూడలమీదుగా వచ్చి, మూసీ కృష్ణలో కలియు వాడపల్లి యొద్ద కృష్ణను దాటును. 2014 సంవత్సరమునుండి అచ్చట ఆ నదియే తెలంగాణమునకును ఆంధ్రప్రదేశమునకును ఎల్ల. ఈవలి యొడ్డున పొందుగల. అటుపిమ్మట దాచేపల్లి, సున్నపుబట్టీలకు పేరొందిన పిడుగురాళ్ల, కొండమోడు, నకరికల్లు, నరసరావుపేట, సంతమాగులూరు, 9వ శతాబ్దపు పండరంగని పద్యశాసనముచే ప్రసిద్ధమైన అద్దంకి – ఈ యూళ్ల నంటుచు పోయి, మేదరమెట్ల యొద్ద చెన్నపట్టణపు జాతీయ రహదారిని చేరును. మొత్తము సుమారు 212 కిలోమీటర్లు, అనగా 132 మైళ్లు.

పటమును చూచినచో నొక సంగతి స్పష్టమగును. హైదరాబాదునుండి చెన్నపట్టణమునకు పోవు లారీలకు ఇది విజయవాడ చుట్టు తప్పించు అడ్డదారి. మన మిరపకాయలు మాత్రము తూర్పుగా గుంటూరు యార్డునకు పోవలెను. కావున మన బస్తాలు ఈ దారివెంట కొంతదూరమే నడచి, కొండమోడు యొద్ద సత్తెనపల్లి దారికో, నరసరావుపేట యొద్ద గుంటూరు దారికో మరలును. పొలమునుండి ఆ కూడలి చేరుటకు డొంక బాగుండనిచో, నాలుగు వరుసల రహదారి యున్నను రైతునకు ఫలము స్వల్పమే. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అందుచేతనే రహదారికి కట్ట యెత్తి కంకర పోయుదురు. ఆ కట్టక్రింది తూములు పూడిపోయినచో వాననీరు చేలలో నిలిచి, ప్రత్తి, మిరప వేళ్లు కుళ్లును.

అన్నిటికంటె పెద్ద యపాయము వేఱొకటి కలదు. ఊరొకవైపు, చేనొకవైపు నున్నవారు ఈ దారివెంట పోవుటకంటె దీనిని అడ్డముగా దాటుటయే యెక్కువ. వేగముగా వచ్చు లారీవానికి చీకటిలో దీపము లేని ట్రాక్టరు కానరాదు. కల్లము చాలక దారియంచున ఆరబోసిన కాయలను కాచువారికిని అదియే గండము.

కావున గ్రామపెద్దలారా, మూడు పనులు మఱువకుడు. తొలకరికి ముందే తూములు తీయింపుడు. ట్రాక్టరు వెనుక ఎఱ్ఱదీపము లేక ఎవ్వరిని రాత్రివేళ దారి యెక్కనీయకుడు. ఊరి డొంక దారిని కలియు చోట సురక్షితమైన దాటు కొఱకు పంచాయతీ తీర్మానము చేసి రహదారుల శాఖకు పంపుడు. దారి దూరపు బండ్లకొఱకు వేయబడినను, దానిని దినమునకు రెండుమాఱులు దాటువాడు మన పిల్లవాడే.